సురుక్కుమన్నదా బిడ్డా

పాల ప్యాకెట్లు నా సంచీలో వేస్తూ డిపో ఆయన అన్నాడు: "మేడం, ఎరుకేనా? పులిపిర్ల అవ్వ పోయింది. నిన్న పొద్దుగూకంగ పాణం పోయిందంట. గదే, మీ నాయిన కాలు తీసేయించిన ముసల్ది."

"ఎప్పుడు తీసుకెళతారట?" అని అడిగాను.

"పన్నెండు గంటలకంట. సుట్టాలు రావాలె గదా."

నేను అడగవలసిన మాట అది కాదు. 'ఆమె కాదయ్యా తీసేయించింది, నేను' అనాలి. ఏడేళ్లుగా అనలేదు. తూంకుంట నుంచి షామీర్‌పేట దాకా ఆ ముసలామెను ఎవరికైనా గుర్తు చెప్పాలంటే ఇదొక్కటే గుర్తు చెబుతారు. అంతకుముందు ఎంతమంది చేతుల మీద, అరికాళ్లలో మొండికేసి కూర్చున్న పులిపిర్లను ఆమె దించిందో ఒక్కరికీ జ్ఞాపకం లేదు. ఆ పేరు ఆమెకు తగిలించింది నేను. పాలు తెచ్చి పొయ్యి మీద పెట్టాను గానీ, అవి పొంగి పొయ్యంతా పారేదాకా అక్కడే నిలబడి ఉన్నానని నాకే తెలియలేదు.

మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి తూంకుంటలో ఇల్లు కట్టుకున్న కొత్తలో మా లేఅవుట్‌లో ఆరిళ్లే ఉండేవి. మా ఆయనకు మేడ్చల్ వైపు మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాకు షామీర్‌పేట బళ్లో టీచరు పని. ఆ రోజుల్లో నా కుడిచేతికి పులిపిర్లు లేచాయి. చూపుడు వేలి మీద ఒకటి, బొటనవేలి గోరు పక్కన ఒకటి, చేతి వెనకాల చిన్నచిన్నవి ఒక గుంపు. చర్మం డాక్టరు రాసిన మందు పూశాను. హోమియో గుళికలు చప్పరించాను. కరెంటుతో కాల్పించుకున్నాను కూడా. కాల్చిన చోటే, మూడు నెలలు తిరక్కుండా, ఇంకో రెండింటిని వెంటేసుకుని మళ్లీ వచ్చాయి. నల్లబల్ల మీద లెక్క చూపిస్తుంటే పిల్లలు లెక్క మానేసి నా వేలు చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. చివరికి మా బడి ఆయా, "మేడం, గీ డాక్టర్ల తోటి గాదు. నా ఎంబడి రండ్రి" అని ఒక ఆదివారం పొద్దున చెరువు కట్ట దిగువన ఉన్న ఆమె వాకిట్లోకి తీసుకెళ్లింది.

వాకిలి నిండా తీగల మీద దుప్పట్లు. సోడా వాసన, సున్నం వాసన. ఒక మూల మూతి పగిలిన కుండ. ఆ కుండ పక్కన చిన్న మనిషి గొంతుక్కూర్చుని పళ్లు తోముకుంటోంది. నన్ను చూసి లేవలేదు. తోముకోవడం ఆపలేదు. ఆ ఇంటివాళ్లది బట్టలుతికే వృత్తి. అప్పటికే మా కాలనీ మూటలు కూడా వాళ్లకే వెళ్లేవి కానీ, పులిపిర్లు తీసే అవ్వ ఆ ఇంట్లోనే ఉందని నాకు తెలియదు.

నోరు కడుక్కుని వచ్చి, నా చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పింది. ఆమె కుడి బొటనవేలి గోరు బొగ్గులా నల్లగా ఉంది.

"మొదలు ఏది లేసింది?"

నేను చూపుడు వేలి మీది పెద్దదాన్ని చూపించాను.

"థూ, గాదు. పెద్దగున్నది గదా అని జెప్తున్నవ్. మంచిగ యాద్ జేస్కో."

గుర్తు చేసుకున్నాను. నిజమే, మొదట వచ్చింది గోరు పక్కన ఉన్న గోధుమగింజంతది. ఆమెకు ఎలా తెలిసిందో!

"గిదీ తల్లి. దీన్ని దించితే గీ పిల్లలన్నీ ఆటంతట అవ్వే మూటాముల్లె సదురుకుంటయ్. ఆ కరెంటు పెట్టినోడు పిల్లలను కాల్సిండు, తల్లిని ఇడిసిపెట్టిండు. పాపం, సదువుకున్నోడు." అని తనలో తను కిసుక్కున నవ్వుకుంది.

ఆమె వైద్యమంతా నల్లజీడితో. చాకిరేవు వాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడే గింజ అది. దబ్బనంతో పొడిచి దీపం సెగకు చూపిస్తే లోపలి నుంచి నల్లటి జీడి చిమ్ముతుంది. బట్ట మీద చుక్క పెట్టి సున్నం అద్దితే, ఆ బట్ట పీలికలైపోయినా చుక్క పోదు. చర్మం మీద పడితే బొబ్బలెక్కి పుండవుతుంది. అలాంటి దాన్ని ఆమె వేపపుల్ల కొసన ఆవగింజంత తీసుకుని, పులిపిరి చుట్టూ నెయ్యి రాసి, సరిగ్గా దాని నెత్తి మీద పెట్టేది. పెట్టాక ఊపిరి బిగబట్టి మన కళ్లలోకే చూసేది. చేతి వంక కాదు.

"సురుక్కుమన్నదా బిడ్డా?"

"లేదు."

ఇంకొంచెం.

"సురుక్కుమన్నదా?"

"అబ్బా! ఆఁ!"

అంతే, చెయ్యి ఆగిపోయేది. చటుక్కున సున్నం నీళ్ల గుడ్డతో తుడిచేసేది. "నీకు తెల్వాలె, నాకు గాదు. నువ్వు అన్నంకనే నా చెయ్యి ఆగుతది" అనేది. నాకు తెలిసి ఆ పనిలో ఆమెకు ఉన్న కొలబద్ద అదొక్కటే. ఎంత పెట్టాలో, ఎంత లోతు కాలిందో, ఎదుటివాడి నోటి నుంచి వచ్చే ఆ 'అబ్బా' చెప్పాలి.

అందుకే మొదలుపెట్టే ముందు ప్రశ్నలు వేసేది. కడుపుతో ఉన్నావా, ఏమన్నా గోలీలు మింగుతున్నావా, షుగరున్నదా. నన్నూ అడిగింది. అన్నింటికీ లేదన్నాను. ఆ రోజు చెప్పింది నిజమే.

"ఏం పని జేస్తవ్?"

"బళ్లో టీచర్‌ని."

"పంతులమ్మవా?" మొహం వికసించింది. "ఇగ మంచిది. పంతులమ్మలు అబద్ధమాడరు."

పదకొండో రోజున తల్లి పులిపిరి స్నానం చేస్తుంటే ఊడిపోయింది. నెల తిరిగేసరికి పిల్లలు కూడా పోయాయి. ఇప్పటికీ గోరు పక్కన తెల్లటి చుక్క ఉంది. మళ్లీ ఒక ఆదివారం నేను పూలూ పళ్లూ చీర తీసుకుని వెళితే ఇంతెత్తున ఎగిరింది. "గివన్నీ ఎవలు తెమ్మన్నరు? ఉప్పు ఏది?" అంది. ఆమె దగ్గర మానిన వాళ్లు పిడికెడు దొడ్డుప్పు తెచ్చి, ఆ మూతి పగిలిన కుండలో పోసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. అంతే ఇవ్వాల్సింది. మానక ముందు తేకూడదు. మొహమాటానికి తేకూడదు. వానకు ఆ కుండలో ఉప్పు కరిగితే మనిషి ఒంట్లో పులిపిరి మళ్లీ రాదని ఆమె నమ్మకం. ఆయా పరుగెత్తి వెళ్లి పక్కింట్లో ఉప్పు అడిగి తెచ్చింది. నేను కుండలో పోశాను. చీర మాత్రం తిరిగి ఇచ్చేసింది, పళ్లు తీసుకుని నా ఎదురుగానే ఒకటి కొరికింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లానో. మా వీధిలో ఎవరికి పులిపిరి లేచినా నేనే వెంటబెట్టుకు వెళ్లేదాన్ని. నోరు మాత్రం మంచిది కాదు మహాతల్లికి. ఏడ్చే పిల్లల్ని, "అరిస్తే ముక్కు మీద పెడ్త" అని బెదిరించేది. పులిపిరితో మాట్లాడేది: "దిగు, దిగే, ఎన్నొద్దులుంటవ్ ఈడ, సిగ్గులేదా?" తీగ మీది బట్టలు చూసి ఏ ఇంట్లో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడం లేదో చెప్పేది. మా ఇంటి గుర్తు మూడు చుక్కలూ ఒక గీతా. "గా గీత నువ్వు. మస్తు లొల్లి జేస్తవ్ గదా" అని వెక్కిరించేది. నాతో అంత చనువుగా మాట్లాడిన మనిషి ఈ ఊళ్లో ఇంకొకరు లేరు.

ఒకసారి నా కళ్లెదుటే ఒకాయన కారులో దిగాడు. ప్లాట్లు అమ్మే మనిషి, రెండు చేతులకూ ఉంగరాలు. అరికాల్లో ఆనెకాయలాగా గట్టిపడిన పులిపిరి. షుగరున్నదా అంటే ఉందన్నాడు. ఆమె అతని కాలు అలాగే కింద పెట్టేసింది.

"షుగరున్నోళ్లకు నేను వెయ్య. దవాఖానకు పో."

"ఏంకాదు అవ్వా, జర పెట్టు. నేను ఓర్సుకుంట."

"ఓర్సుకునుడు గాదు. నీకు మంటనే తెల్వదు. నువ్వు తెల్వదు తెల్వదు అంటవ్, నేను పెడ్తనే ఉంట. బొక్క దాక కాలుతది. మా ఆయినకు గుడ షుగరుండె, గట్లనే సున్నం పొక్కు లేసి కాలు మురిగింది. ఎనిమిది నెలలు మంచంల వేసి చూసిన. పో బిడ్డా, నువ్వు పో."

అతను బతిమాలాడు, దబాయించాడు. ఆమె లేచి బానలోని మురికినీళ్లు అతని కారు ముందు గుమ్మరించింది. ఆ సాయంత్రం ఇంట్లో ఈ కథంతా అభినయించి చూపించి అందరినీ నవ్వించాను. నవ్విన వాళ్లలో మా నాన్న కూడా ఉన్నారు. నేను మర్చిపోయానని ఎవరైనా అంటారేమో. మర్చిపోలేదు. నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

మా నాన్న కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. అమ్మ పోయాక నా దగ్గరే ఉండేవారు. పొద్దున్నే చెరువు కట్ట దాకా నడిచి వెళ్లి రావడం ఆయనకు పూజ లాంటిది. నాన్నకు షుగరు పదేళ్లుగా ఉంది. ఉందని ఆయన ఒప్పుకునేవారు కాదు. గోలీలు నేను అన్నం పక్కన పెడితే మింగేవారు, ఆ మాట ఎత్తితే లేచిపోయేవారు. మా పెదనాన్నకు కాలి వేలికి చిన్న దెబ్బ తగిలి, ఆసుపత్రికి వెళితే ముందు వేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింద దాకా తీశారు. అది దగ్గరుండి చూసిన మనిషి. "అమ్మాయ్, నేను కత్తి కిందికి పోను. ఆ ఒక్కటీ అడక్కు" అనేవారు.

ఆ ఏడు ఆయన కుడి అరికాల్లో, చిటికెన వేలి కింద, పులిపిరి లేచింది. పూతమందు పూసినా, పట్టీలు వేసినా పోలేదు. డాక్టరు చూసి, షుగరు మనిషి కాబట్టి సొంతంగా గోకొద్దు, ఆసుపత్రిలో చేర్చి కోసి తీద్దామన్నాడు. నాన్న ఆ మాట వినగానే చెప్పులేసుకుని బయటికొచ్చేశారు. నడక మానేశారు. కిటికీ దగ్గర కూర్చుని పాదం ఒళ్లో పెట్టుకుని చూసుకునేవారు. వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

నాకు ఆ ముసలామె గుర్తొచ్చింది. షుగరని చెబితే వెయ్యదని కూడా గుర్తొచ్చింది. ఒక ఆవగింజంత జీడి ఏం చేస్తుందిలే, నా వేలు మానలేదా అనుకున్నాను. దారిలో ఆటోలో నాన్నతో అన్నాను, "ఆవిడ షుగరుందా అని అడుగుతుంది. మీరేం మాట్లాడకండి, నేను చూసుకుంటాను" అని. నాన్న తలూపారు. అప్పుడు మా ఇద్దరికీ అది పెద్ద తెలివిగా అనిపించింది.

ఆమె నాన్న పాదం తన ఒళ్లో పెట్టుకుంది. "షుగరున్నదా అయ్యగారికి?"

"లేదవ్వా."

"గోలీలు?"

"ఏం లేవు."

దబ్బనం గుచ్చింది. వేపపుల్లతో పెట్టింది. నాన్న మొహంలోకి చూసింది.

"సురుక్కుమన్నదా?"

"లేదమ్మా."

ఇంకొంచెం పెట్టింది. లేదన్నారు. మళ్లీ పెట్టింది. లేదన్నారు. ఆమె పుల్ల ఆపి నా వైపు తిరిగింది. నవ్వడం లేదు.

"పంతులమ్మా. గింత పెట్టినంక గుడ తెల్వకపోవుడు ఏంది? నిజం జెప్పు. షుగరున్నదా?"

ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. సున్నం నీళ్ల గుడ్డ ఆమె పక్కనే ఉంది. అప్పటికి పోయింది పైపొరే.

"లేదని చెబుతున్నాగా అవ్వా. మా నాన్న లైన్‌మన్‌గా పొలాల్లో గట్ల వెంబడి చెప్పుల్లేకుండా నడిచారు. పాదాలు మొద్దుబారిపోయాయి. అంతే."

నన్ను చాలాసేపు చూసింది. "సరే తియ్యి. పంతులమ్మవు జెప్తున్నవ్ గదా" అంది. ఇంకోసారి పెట్టింది. నాన్నకు నేను చెప్పిన కథ నచ్చిందో ఏమో, ఈసారి ఆమె అడగ్గానే, "ఆఁ, ఇప్పుడు చురుక్కుమంది" అన్నారు. ఆయన కూడా అబద్ధమే ఆడారు.

ఆ శీతాకాలం జవహర్‌నగర్ నుంచి గాలి విసురుగా వీచేది. సిటీ చెత్తంతా అక్కడికి తోలడం మొదలుపెట్టాక సాయంత్రమైతే మా వీధుల్లో తలుపులన్నీ మూసుకునేవాళ్లం. నాలుగైదు రోజులుగా మా ఇంట్లో వాసన మరీ ఎక్కువగా ఉంది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను. అగరొత్తులు వెలిగించాను. మున్సిపాలిటీని తిట్టాను. మా ఆయన ఒక పొద్దున, "బయట వాసనేం లేదే, గాలి అటు పోతోంది" అన్నారు. అప్పుడు నాన్న గదిలోకి వెళ్లి ఆయన కాలి కట్టు విప్పాను. చిటికెన వేలి కింద గుంట. చుట్టూ పాదం సగం నల్లబడింది. ఆయనకు నొప్పి లేదు. అందుకే మాకు చెప్పలేదు. "మానుతోందనుకున్నానమ్మాయ్" అన్నారు.

సికింద్రాబాద్ తీసుకెళ్లాం. మా పెదనాన్న వరసే. ముందు వేళ్లు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింద. నాన్న ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. మూడోసారి ఆపరేషనుకు తీసుకెళ్లే ముందు మాత్రం నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆవిడకు చెప్పమ్మాయ్. తప్పు మనదని. పాపం, రెండుసార్లు అడిగింది."

"చెబుతాను నాన్నా."

ఇంటికి తెచ్చాక అడిగారు, "చెప్పావా?" అని. చెప్పానన్నాను. "ఏమంది?" అన్నారు. "పోనీలే అంది" అన్నాను. ఆయన మొహం తేలికపడింది. నాలుగు నెలలకు పోయారు. చివరిదాకా ఆ మాట నమ్మారు.

అసలు జరిగింది ఇది. నాన్న ఆసుపత్రిలో ఉండగానే మా అన్నయ్య విజయవాడ నుంచి దిగాడు. వాడి కోపం సంగతి మీకు తెలియదు. "ఎవత్తది? ఎక్కడుంటుంది?" అంటూ పాల డిపో ఆయన్నీ కాలనీలో ఇంకో ఇద్దర్నీ వెంటేసుకుని చెరువు కట్ట దిగాడు. నన్నూ లాక్కెళ్లాడు. వాకిట్లో తీగల మీది బట్టలు లాగి పారేశాడు. జీడిగింజల డబ్బా తన్నాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె కూతురు అడ్డం వచ్చి నిలబడింది.

"మా నాన్నకు షుగరుందో లేదో కనుక్కోకుండా విషం పెడతావా?" అని అరిచాడు.

ఆమె అన్నయ్య వైపు చూడలేదు. నన్ను చూసింది. "పంతులమ్మా, నేను అడిగిన్నా లేదా? నువ్వే జెప్పు."

అన్నయ్య నా వైపు తిరిగాడు. "అడిగిందా?"

నేను తల అడ్డంగా ఊపాను. నోటితో ఏమీ అనలేదు. ఊరికే తల ఊపాను. మా నాన్న కాలును నేనే తీసేయించానని మా అన్నయ్యతో, మా వీధితో, మా బడితో చెప్పుకోవడం నా వల్ల కాలేదు. ఛీ, ఎన్ని కారణాలు చెప్పుకున్నా అది పిరికితనమే.

కూతురు ఏదో అనబోయింది. ముసలామె ఆమె భుజం పట్టుకుని ఆపేసింది. "ఇగ ఊకో. పంతులమ్మ గాదన్నదంటే గంతే" అంది. వంగి, కింద దొర్లిన జీడిగింజలు ఏరడం మొదలుపెట్టింది.

ఆ రోజుతో ఆమె పులిపిర్లు తియ్యడం మానేసింది. ఎవరొచ్చినా, "నాకు రాదు. పో" అనేదట. కుండ బోర్లించేసింది. మా కాలనీ మూటలు కూడా వాళ్లింటికి పోవడం మానేశాయి. వీధి మలుపులో ఎవరో ఇస్త్రీ బండి పెట్టారు, వాషింగ్ మెషీన్లు వచ్చాయి. నాన్న పంచెల మీద మాత్రం మూడు చుక్కలూ ఒక గీతా అలాగే ఉన్నాయి. బీరువాలో ఆ మడత విప్పినప్పుడల్లా గీత మీదికే పోయేది నా కన్ను.

తర్వాత ఒకే ఒక్కసారి కలిశాను. రెండేళ్ల కిందట, షామీర్‌పేట ప్రభుత్వ దవాఖానాలో. నాకూ షుగరు వచ్చింది. షుగరు వాళ్లకిచ్చే రంగు చీటీ పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఆమె దగ్గుతూ కింద గచ్చు మీద, సరిగ్గా నా కాళ్ల దగ్గరే కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. మొదట గుర్తుపట్టలేదు, గోరు చూసి గుర్తుపట్టాను. నాకు లేచి పారిపోవాలనిపించింది.

నా చీటీ రంగు చూసి అంది, "నీక్కుడ పట్టిందా?"

"ఆఁ."

"కాలియ్యి."

"వద్దవ్వా, అందరూ చూస్తున్నారు."

"ఇయ్యమంటే."

చెప్పు తీసి, నా కుడిపాదం ఒళ్లో పెట్టుకుంది. ఆ నల్లటి గోటితో వేళ్ల కింద ఒక్కొక్క చోటే నొక్కుతూ వచ్చింది. చేతిని చూడలేదు, నా కళ్లలోకి చూసింది.

"సురుక్కుమన్నదా బిడ్డా?"

"ఆఁ. ఆఁ, అక్కడ కూడా."

చిటికెన వేలి కింద నొక్కింది. గోరు దిగడం కళ్లకు కనిపిస్తోంది. ఏమీ తెలియడం లేదు.

"ఈడ?"

"తెలియట్లేదవ్వా."

ఆమె గోరు తీసేసింది. నా కాలును చెప్పులో పెట్టింది. "డాక్టరుకు గిదే మాట జెప్పు. ఇంట్ల గుడ చెప్పులేసుకోని తిరుగు" అంది. పాత మాట ఆమె ఎత్తితే బాగుండునని కూర్చున్నాను. ఎత్తాల్సింది నేను కదా! ఆ బెంచీల మీద నా బడి పిల్లల తల్లిదండ్రులే పదిమంది ఉన్నారు. ఇంతలో నా నంబరు పిలిచారు. లోపలికి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి ఆమె లేదు.

ఇవాళ బడికి సెలవు పెట్టాను. వంటింట్లో డబ్బా తీసి పిడికెడు దొడ్డుప్పు కొంగున ముడివేసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో నన్ను అడగకండి. ఉత్త చేతులతో వెళ్లలేకపోయాను.

వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. మనిషి మరీ చిన్నదైపోయింది. కుడి బొటనవేలి గోరు అప్పటికీ నల్లగానే ఉంది. పాల డిపో ఆయన నాకంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చుట్టూ పదిహేను, ఇరవై మంది. నేను కూతురి దగ్గరికి వెళ్లి, పక్కకు పిలిచి, చెప్పేశాను.

"మీ అమ్మ అడిగింది. రెండుసార్లు అడిగింది. నేనే లేదన్నాను."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఆశ్చర్యపోలేదు. "ఎరుకే. గా పొద్దే జెప్పింది మా అమ్మ."

"మరి మీరెవరూ ఎందుకు చెప్పలేదు?"

"మేం జెప్తే ఎవరింటరు? బట్టలుతికేటోళ్ల మాటింటరా, పంతులమ్మ మాటింటరా? అమ్మ అనేది, 'ఆమెనే వస్తది, ఆమెనే జెప్తది, జర ఆగుండ్రి' అని. నిన్నటి దాక వాకిలి దిక్కే చూసింది." గొంతు గట్టిపడింది. "నాకు గాదమ్మా జెప్పుడు. నాకెరుకే. గా మందికి జెప్పు."

వెళ్లి చాప పక్కన నిలబడ్డాను. బళ్లో ఆఖరి బెంచీకి వినపడేలా ఎలా మాట్లాడతానో అలాగే మాట్లాడాను. మా నాన్నకు షుగరుంది. ఆమె అడిగింది. నేను లేదని అబద్ధం చెప్పాను. ఆయన కాలు పోవడానికి కారణం నేను, ఈమె కాదు. ఒక్క ముక్క కూడా మింగలేదు. ఏడుపులు కూడా ఆగాయి.

డిపో ఆయన కుర్చీలోంచి లేచాడు. రెండు చేతులూ జోడించాడు.

"పెద్ద మనసు మేడం మీది. పోయినామె మీద మాట ఉండొద్దని మీ మీదేసుకుంటున్నరు. ఎవలంటరు గట్ల, గీ రోజులల్ల?"

"పంతులమ్మ గదా" అంది వెనకాల ఎవరో ఆడమనిషి.

"కాదయ్యా! నిజంగా! నేను నిజం చెబుతున్నాను!" అని అరిచాను. ఏడుపొచ్చేసింది. "అయ్యో, ఏడ్వకుండ్రి మేడం" అంటూ కుర్చీ తెచ్చి నన్ను కూర్చోబెట్టారు. ఎవరో గ్లాసుతో నీళ్లిచ్చారు. డిపో ఆయన పక్కనున్న కుర్రాడికి వివరిస్తున్నాడు, "మేడం నాయిన కాలు తీసేయించింది గీమెనే. అయినా చూడు, ఎట్ల ఏడుస్తున్నదో."

లేచి గోడవారకు వెళ్లాను. బోర్లించిన కుండ అక్కడే ఉంది. దాన్ని తిప్పి నిలబెట్టి, కొంగు ముడి విప్పాను. కూతురు వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఏమీ పట్టుకోలేదు.

"గీ కుండల మానినోళ్లే ఉప్పు పోస్తరమ్మా" అంది. "నువ్వు తీస్కపో."

కుండను మళ్లీ బోర్లించింది. నేను ఉప్పును కొంగున ముడివేసుకున్నాను.